గెన్‌లా వెళ్లిపోయాక...

దేశం పోగొట్టుకున్నవాళ్ల చిరునామా ఎక్కడుంటుంది? టిబెటన్లను అడిగితే, సగం ధర్మశాలలో ఉంది, సగం ఇంటర్నెట్‌లో ఉంది అనొచ్చు. ఆ రెండో సగాన్ని కట్టుకోవడం నేర్పడానికి ఎక్కడెక్కడి దేశాల నుంచో స్వచ్ఛందంగా వస్తుంటారు కుర్రాళ్లు. వచ్చేటప్పటి హుషారు సంగతి సరే... వాళ్లు బస్సెక్కి వెళ్లిపోయాక ఏమవుతుంది?

చలి మొదలైందంటే చాలు... హైదరాబాద్, విజయవాడ, విశాఖ రోడ్ల పక్కన స్వెట్టర్ల దుకాణాలు వరసగా వెలుస్తాయి. మంకీ క్యాపులు, మఫ్లర్లు, పిల్లల ఊలు కోట్లు. 'నేపాలీ వాళ్ల స్వెట్టర్లు' అనేసి బేరమాడి కొనుక్కొచ్చేస్తాం. నిజానికి ఆ అమ్మేవాళ్లలో చాలామంది నేపాలీలు కాదు, టిబెటన్లు. లూధియానాలో సరుకు తీసుకుని చలికాలమంతా ఊరుకాని ఊళ్లో అమ్ముకుని, సంక్రాంతి దాటాక మూటలు సర్దుకుంటారు. కర్ణాటకలోని బైలకుప్పెకో, ముండ్‌గోడ్‌కో, హిమాచల్ ప్రదేశ్‌లోని ధర్మశాలకో వెళ్లిపోతారు. అవి వాళ్లుండే ఊళ్లు. సొంతూరు ఏదని అడిగితే మాత్రం హిమాలయాల అవతలికి చూపిస్తారు.

1959 మార్చి 17 రాత్రి దలైలామా ల్హాసా విడిచారు. రెండు వారాలు కొండలు దాటి, అదే నెల 31న మన దేశంలో అడుగుపెట్టారు. మొదట ముస్సోరీలో ఉండి, 1960లో ధర్మశాలకు మారారు. ఆ కొండ మీది మెక్‌లియోడ్‌గంజ్ ఒకప్పుడు తెల్లదొరల వేసవి విడిది. 1905 కాంగ్రా భూకంపంలో దెబ్బతిని, జనం తగ్గిపోయి పడి ఉంది. ఆ ఏడాదే మే నెలలో 51 మంది కాందిశీకుల పిల్లలతో అక్కడ ఓ శిశు సంరక్షణ కేంద్రం పెట్టారు. అదే తర్వాత టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ అయింది. 1970లో గ్రంథాలయం వచ్చింది. వైద్యశాల, నాటక కళాశాల, ప్రవాస పార్లమెంటు... ఒక దేశానికి కావలసినవన్నీ ఒక్కొక్కటిగా కొండ మీద తయారయ్యాయి. నేల తప్ప!

ఇక మనుషులంటారా... బైలకుప్పెలో కొందరు, నేపాల్‌లో కొందరు, స్విట్జర్లాండ్‌లో, న్యూయార్క్‌లో, టొరంటోలో ఇంకొందరు. వీళ్లందరికీ ఒకే సమయంలో ఒక కబురు అందాలంటే దండోరా వేసే వీధి లేదు. అందుకే ఈ జనానికి వెబ్‌సైట్ అంటే దుకాణం ముందు బోర్డు కాదు, రచ్చబండ. 'ఫాయుల్' అనే వార్తల సైట్ సంగతే చూడండి. ఆ మాటకి టిబెటన్‌లో అర్థం 'మాతృభూమి' అనే. వాళ్లు 'తండ్రి నేల' అంటారు, అంతే తేడా.

కొండెక్కిన కంప్యూటర్ మాస్టారు

ఓ కుర్రాణ్ణి ఊహించుకోండి. పాతికేళ్లు. బెర్లిన్‌లోనో, టొరంటోలోనో వెబ్‌సైట్లు తయారుచేసే ఉద్యోగం. నెల రోజులు సెలవు పెట్టాడు. ఢిల్లీలో మజ్నూ కా టీలా అనే టిబెటన్ కాలనీ దగ్గర సాయంత్రం బస్సెక్కితే, రాత్రంతా మెలికలు తిరిగి తెల్లారేసరికి కొండ మీద దింపుతుంది. కడుపులో తిప్పుతుంటుంది. ఎదురుగా మంచుతో ధౌలాధర్ కొండలు. ఏ టీ కొట్లోనో కూర్చుని ఉప్పు వేసిన వెన్న టీ ఓ గుక్క తాగుతాడు. టీ అనుకుంటే మింగుడు పడదు. చారు అనుకుంటే బాగానే ఉంటుంది!

మెక్‌లియోడ్‌గంజ్‌లో ఇలాంటివాళ్లు కొత్తకాదు. ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పేవాళ్లు, పిల్లల్ని ఆడించేవాళ్లు, కంప్యూటర్ నేర్పేవాళ్లు సీజన్‌లో వస్తూనే ఉంటారు. స్వచ్ఛంద సంస్థలూ చాలానే ఉన్నాయి. 'గు-చు-సుమ్' అనే సంస్థ పేరు వినడానికి గమ్మత్తుగా ఉంటుంది. గు అంటే తొమ్మిది, చు అంటే పది, సుమ్ అంటే మూడు. 1987 సెప్టెంబరు, అక్టోబరు, 1988 మార్చి నెలల్లో ల్హాసాలో జరిగిన ఆందోళనల గుర్తు అది. జైళ్లకు వెళ్లొచ్చిన రాజకీయ ఖైదీలు కలిసి పెట్టుకున్న సంస్థ. ఇలాంటి సంస్థల్లో ఏదో ఒకదానికి సైట్ కావాలి. మన కుర్రాడికి పని దొరికింది.

క్లాసులో అడుగుపెట్టగానే అందరూ లేచి నిలబడి 'గెన్‌లా' అంటారు. గెన్ అంటే గురువు. 'లా' అంటే అచ్చంగా మన 'గారు'. మాస్టారికి పాతికేళ్లు, ముందు బెంచీలో కూర్చున్న మనిషికి నలభై అయినా సరే... గెన్‌లా గెన్‌లాయే. ఒకప్పటి భిక్షువు ఒకరు, నర్సుగా పనిచేసే అమ్మాయి ఒకరు, కెఫేలో వడ్డించే కుర్రాడు ఒకడు. హాజరు పట్టీ రాద్దామని పేర్లు అడుగుతాడు. తెన్జిన్. రెండో అతనూ తెన్జినే. మూడో అమ్మాయీ తెన్జినే! ఇప్పటి దలైలామా పేరు తెన్జిన్ గ్యాత్సో కదా, ఆయన చేత పేరు పెట్టించుకున్న పిల్లలందరికీ ముందు తెన్జిన్ వస్తుంది. మనూళ్లో ఒకే వీధిలో నలుగురు వెంకటేశ్వర్లు ఉన్నట్టు.

ఇదేదో సరదా సంగతి అనుకుంటే పొరపాటు. రెండో వారంలో సభ్యత్వ ఫారం తయారుచేయడం నేర్పుతాడు. మొదటి గడిలో పేరు, రెండో గడిలో ఇంటిపేరు. ఇంటిపేరు లేనివాళ్లు టిబెటన్లలో ఎంతోమంది. ఆ గడి నింపకపోతే ఫారం ముందుకు కదలదు. తర్వాత పుట్టినతేదీ. పెద్దవాళ్లలో చాలామందికి పుట్టిన ఏడాది జంతువు పేరుతోనే గుర్తు... ఎలుక ఏడు, కుందేలు ఏడు అని. ఆ తర్వాత దేశం. కిందికి జారే ఆ పొడవాటి జాబితాలో 'టి' దగ్గర ఎంత వెతికినా టిబెట్ ఉండదు. ఎందుకంటే ప్రపంచంలోని రెడీమేడ్ ఫారాలన్నీ అంతర్జాతీయంగా ఒప్పుకున్న దేశాల పట్టిక నుంచి పుట్టినవే. మన కుర్రాడు తన దేశంలో ఇలాంటి ఫారాలు వందలు చేసి ఉంటాడు. అందులో రాజకీయం ఉంటుందని ఎన్నడూ తట్టి ఉండదు. ఇక్కడ తడుతుంది. ఏముందండీ, తీరా చూస్తే పరిష్కారం చాలా చిన్నది... ఇంటిపేరు గడిని ఐచ్ఛికం చేయడం, జాబితా తీసేసి ఎవరికి వాళ్లు రాసుకునే ఖాళీ గడి పెట్టడం. ఆ మార్పు ఎలా చేయాలో తెలిసినవాడు ఆ గదిలో ఉండాలి, అదీ అసలు సంగతి.

చుక్క చెప్పిన పాఠం

అక్షరాల దగ్గరికొచ్చేసరికి తెలుగువాళ్లకు ఈ కథ బాగా తెలిసినట్టే ఉంటుంది. టిబెటన్ లిపి పుట్టుక మన దేశంలోనే అంటారు వాళ్లు. ఏడో శతాబ్దంలో సోంగ్‌త్సెన్ గాంపో అనే రాజు తొన్మి సంభోట అనే మంత్రిని భారతదేశానికి పంపాడనీ, ఆయన ఇక్కడి లిపులు చూసి టిబెటన్ అక్షరాలు కూర్చాడనీ చెప్పుకుంటారు. మన లిపికీ వాళ్ల లిపికీ మూలం బ్రాహ్మీయే. 'స్త్రీ' అని రాస్తే స కింద త ఒత్తు, ర ఒత్తు ఎలా వస్తాయో, టిబెటన్‌లోనూ అక్షరం కింద అక్షరం దొంతర్లుగా పేరుస్తారు. కంప్యూటర్‌కి ఈ దొంతర్లు అర్థమయ్యేలా చేయడమే పెద్ద పని. తెలుగు పత్రికల సైట్లు ఒక్కొక్కటి ఒక్కో ఫాంట్ దించుకోమన్న రోజులు గుర్తున్నాయిగా? ఫాంట్ లేకపోతే తెర నిండా పిచ్చి గీతలే. టిబెటన్లదీ అదే గోల, కాకపోతే ఇంకాస్త ఎక్కువకాలం నడిచింది. తెలుగు గౌతమి ఫాంట్ విండోస్ ఎక్స్‌పీతోనే వచ్చేసింది. టిబెటన్ అక్షరాలు విండోస్‌లో మామూలుగా కనపడటానికి 2007 ప్రారంభంలో విస్టా వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. యూనికోడ్ పట్టికలో ఒకసారి చేర్చి, తీసేసి, 1996లో మళ్లీ చేర్చారు టిబెటన్‌ని. అక్షరాలకూ కాందిశీక యోగం పట్టిందన్నమాట!

టైపు చేయడం కూడా మనలాగే. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించినట్టు, టిబెటన్‌కి వైలీ పద్ధతి ఉంది. టరెల్ వైలీ అనే అమెరికన్ పండితుడు దాన్ని ప్రకటించింది సరిగ్గా 1959లో.

అసలు చిక్కు మాత్రం చుక్కతో వచ్చింది. టిబెటన్‌లో మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు. ప్రతి అక్షర భాగం తర్వాతా చిన్న చుక్క పెడతారు. దాన్ని 'త్సెగ్' అంటారు. ఇంగ్లిష్ కోసం తయారైన బ్రౌజర్‌కి ఖాళీ కనపడితేనే వాక్యం విరిచి కింది వరసలో వేయాలని తెలుసు. ఖాళీయే లేకపోతే? వాక్యం అలా తెర దాటి కుడివైపు కొట్టుకుపోయేది. దాంతో చుక్క చుక్కకీ పక్కన కంటికి కనపడని ఖాళీ ఒకటి ఇరికించి తంటాలు పడేవాళ్లు. ఇప్పటి బ్రౌజర్లు చాలావరకు ఈ సంగతి నేర్చుకున్నాయి. ఇంకో పేచీ ఏమిటంటే, ఇంగ్లిష్‌కి సరిపోయే సైజులో టిబెటన్ పెడితే చీమ తలకాయంత కనపడుతుంది. దొంతరలో కింది అక్షరాన్ని చదవాలంటే భూతద్దం కావాలి. సైజు పెంచాలి, వరసల మధ్య ఎడం పెంచాలి. ఈ ముక్క ఏ విదేశీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది? గెన్‌లాకి ఇది నేర్పేది విద్యార్థులే. 'ఇది మా అమ్మమ్మ చదవలేదు' అని ఎవరైనా ఒక్క మాట అంటే చాలు.

కోతులు, పిడుగులు, తీగలు

సైట్ తయారుచేయడానికి ముందు ఇంటర్నెట్ ఉండాలి కదా. 2000ల మొదట్లో ధర్మశాలలో అదే కరవు. కొండ మీద తీగ లాగడం కష్టం. లాగినా వర్షాకాలంలో నిలవదు. దేశంలో బాగా వానలు పడే ఊళ్లలో ధర్మశాల ఒకటి. పిడుగు పడితే మోడెం మాడిపోతుంది. కరెంటు సంగతి సరేసరి.

ఇజ్రాయెల్ నుంచి వచ్చిన యాహెల్ బెన్-డేవిడ్ అనే ఇంజినీరు ఇక్కడే స్థిరపడి ఓ దారి కనిపెట్టారు. 2005 జనవరిలో మన ప్రభుత్వం వైఫై తరంగాలను లైసెన్సు లేకుండా ఆరుబయట వాడుకోవడానికి ఒప్పుకుంది. వెంటనే మామూలు ఇళ్లలో వాడే చవక రూటర్లను తీసుకుని, వాటి సాఫ్ట్‌వేర్ మార్చి, వాన తగలని పెట్టెల్లో పెట్టి, కొండ మీది ఇళ్ల కప్పుల మీద బిగించారు. ఒక కప్పు నుంచి ఇంకో కప్పుకి, అక్కడి నుంచి బడికి, మఠానికి, ఆఫీసుకి ఇంటర్నెట్ దూకుతూ పోయింది. కరెంటు లేనిచోట సౌరఫలకాలు. 'ఎయిర్‌జల్దీ' అని పేరు పెట్టారు. 'జల్దీ' మన హిందీ జల్దీయే. అంతా బాగానే ఉంది కానీ, యాంటెన్నాలు చూసి కోతులు ఉయ్యాలలూగడం మొదలెట్టాయి! కోతి వేలాడినా విరగనంత గట్టి స్తంభాలు పాతాల్సి వచ్చింది. ఆ పని ఏ యూనివర్సిటీలో నేర్పుతారు చెప్పండి? ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. ఎయిర్‌జల్దీ వాళ్లు స్తంభాలెక్కే పనీ, రూటర్లు సరిచేసే పనీ స్థానికులకు నేర్పారు. నెట్‌వర్క్ ధర్మశాలతో ఆగకుండా వేరే రాష్ట్రాల పల్లెలకూ పాకడానికి అదో కారణం.

తాళంచెవి ఎవరి దగ్గర?

వెబ్‌సైట్ల సంగతి అలా జరగదు, చాలాసార్లు. మన కుర్రాడి నాలుగు వారాల్లో మొదటి వారం పరిచయాలకి, కడుపునొప్పికి పోతుంది. రెండో వారం క్లాసులు. మూడో వారానికి ఒక సంగతి అర్థమవుతుంది... వీళ్లకి నేర్పుతూ కూర్చుంటే సైట్ పూర్తికాదు. తనే కూర్చుంటే మూడు రాత్రుల్లో అయిపోతుంది. ఊరెళ్లే లోపు ఏదో ఒకటి చేసి చూపించాలన్న ఆరాటం ఎవరికుండదు? కూర్చుని చేసేస్తాడు. బ్రహ్మాండంగా వస్తుంది. మంచుకొండల ఫొటో, పైన జారే అక్షరాలు. అందరూ చప్పట్లు కొడతారు.

సైట్ పేరు ఏడాదికోసారి డబ్బు కట్టి కొనసాగించుకోవాలి. సంస్థ దగ్గర విదేశాల్లో చెల్లే కార్డు ఉండదు. కుర్రాడు తన కార్డుతోనే కట్టేస్తాడు, పెద్ద మొత్తం కాదుగా. రెన్యూవల్ గుర్తుచేసే ఉత్తరం అతని ఈమెయిల్‌కే వస్తుంది. పాస్‌వర్డ్ అతని లాప్‌టాప్‌లోనే ఉంటుంది. రెండేళ్లు గడుస్తాయి. అతని పాత కార్డు గడువు తీరిపోతుంది, ఉద్యోగం మారుతుంది, ఈమెయిల్ మారుతుంది. ఒక పొద్దున సంస్థ సైట్ తెరిస్తే ఏ చెప్పుల ప్రకటనో కనపడుతుంది. పేరు ఎవరో కొనేసుకున్నారు. తప్పు ఎవరిదని వెతికితే ఎవరిదీ కాదు. అందరూ మంచివాళ్లే.

అంతకంటే మామూలుగా జరిగేది ఇంకోటుంది. సైట్ పోదు, ఎండిపోతుంది. 'రాబోయే కార్యక్రమాలు' అన్న చోట ఐదేళ్ల కిందటి తేదీ ఉంటుంది. తర్వాతి ఏడాది మరో గెన్‌లా వస్తాడు, పాతది చూసి పెదవి విరిచి, కొత్త సాఫ్ట్‌వేర్‌తో మళ్లీ మొదటి నుంచి కడతాడు. ఫొటోల కోసం రెండు వారాలకు వచ్చిపోయే వాలంటీర్లను ఇక్కడివాళ్లు నవ్వుతూనే భరిస్తారు. భరించడం వాళ్లకి బాగా అలవాటైన విద్య.

నేర్చుకున్నవాళ్లయినా నిలుస్తారా అంటే అదీ చెప్పలేం. 2008 ముందు ఏటా రెండు మూడు వేల మంది హిమాలయాలు దాటి వచ్చేవాళ్లు. ఆ ఏడాది టిబెట్‌లో ఆందోళనలు జరిగాక సరిహద్దు బిగిసింది. ఇటీవలి సంవత్సరాల్లో వచ్చినవాళ్లు పదుల్లోనే. ఇక్కడ పుట్టి పెరిగిన యువతేమో అమెరికా, కెనడా, యూరప్ వీసాల కోసం చూస్తోంది. మన ఊళ్లలో జరిగేదే కాబట్టి మనం వింతపడక్కర్లేదు. కంప్యూటర్ బాగా వచ్చిన తెన్జినే అందరికంటే ముందు విమానమెక్కుతాడు. అందుకే తెలిసిన సంస్థలు ఒకరికి కాదు, ముగ్గురికి నేర్పమంటాయి. సైట్ పేరు సంస్థ పేరు మీదే ఉండాలని పట్టుబడతాయి. గడువు తేదీలు గోడ కేలెండర్ మీద రాయిస్తాయి.

మఠం పేరుతో వచ్చిన ఉత్తరం

ఇంతవరకూ చెప్పింది ఏ చిన్న సంస్థకైనా ఉండే బాధే. టిబెటన్లకు మాత్రమే ఉన్న బాధ ఇంకొకటి ఉంది. వాళ్ల కంప్యూటర్లలోకి ఎవరో ఎప్పుడూ తొంగిచూస్తుంటారు.

దలైలామా కార్యాలయం అనుమానపడి నిపుణుల్ని పిలిచింది. కెనడాలోని టొరంటో యూనివర్సిటీకి చెందిన సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు ధర్మశాలకొచ్చి కూర్చుని, కంప్యూటర్లు ఎవరితో మాట్లాడుతున్నాయో కనిపెట్టారు. 2009 మార్చిలో నివేదిక బయటపెట్టారు. దానికి వాళ్లు పెట్టిన పేరు ఘోస్ట్‌నెట్. 103 దేశాల్లో 1,295 కంప్యూటర్లు దొంగల చేతిలో ఉన్నాయని తేలింది. అందులో విదేశాంగ శాఖలు, రాయబార కార్యాలయాలు కూడా ఉన్నాయి. ధర్మశాల కార్యాలయాలు సరేసరి. ఆ దొంగ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లో ఫైళ్లు ఎత్తుకుపోవడమే కాదు, కెమెరా, మైకూ కూడా తనంతట తాను ఆన్ చేయగలదు. దొంగ సర్వర్లలో ఎక్కువ భాగం చైనాలో ఉన్నాయి. వెనకున్నది ప్రభుత్వమేనని మాత్రం నివేదిక తేల్చి చెప్పలేదు. చైనా తమకేం సంబంధం లేదంది.

ఇంతకీ దొంగ లోపలికి ఎలా వచ్చాడు? తలుపు కొట్టే వచ్చాడు. తెలిసిన మఠం పేరుతోనో, తెలిసిన సంస్థ పేరుతోనో ఓ ఈమెయిల్. దానికి ఓ అటాచ్‌మెంట్. ఏ ప్రార్థన పత్రమో, సమావేశం వివరాలో అనుకుని తెరుస్తారు. అయిపోయింది. దీనికి విరుగుడుగా టిబెట్ యాక్షన్ ఇన్‌స్టిట్యూట్ ఓ ప్రచారం నడిపింది. 'అటాచ్‌మెంట్ల నుంచి విడిపడండి' అన్నది దాని నినాదం. ఇంగ్లిష్‌లో ఆ మాటకి మమకారం అన్న అర్థం కూడా ఉంది కదా. మమకారం వదులుకోమని రెండున్నర వేల ఏళ్లుగా వింటున్న బౌద్ధులకి ఇంతకంటే తేలిగ్గా ఎలా చెప్పగలరు!

వెబ్‌సైట్లనూ వదల్లేదు. 2013 ఆగస్టులో ప్రవాస ప్రభుత్వపు చైనీస్ భాషా సైట్‌లోకి ఎవరో చొరబడ్డారని కాస్పర్‌స్కై సంస్థ బయటపెట్టింది. సైట్ చూడటానికి వచ్చిన కొందరి కంప్యూటర్లలోకి దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కేలా చేశారు. రచ్చబండ మీద కూర్చున్నవాళ్ల జేబులు కొట్టడమన్నమాట. అందుకని ఇక్కడ సైట్ కట్టి వదిలేయడం అంటే తలుపుకి గడియ పెట్టకుండా ఊరెళ్లడమే. పాత సాఫ్ట్‌వేర్‌ని ఎప్పటికప్పుడు సరిచేసే మనిషి లేకపోతే, ఆ అందమైన సైట్ తన మనుషులకే ముప్పు తెస్తుంది. సైట్ ఎండిపోయినా నష్టం లేదులే అనుకునే వీలు కూడా లేదు.

ఫొటో సంగతి ఇంకా సున్నితం. కొత్తగా వచ్చిన మనిషి సంస్థ వార్షికోత్సవంలో నవ్వుతూ నిలబడతాడు. మన కుర్రాడు ఆ ఫొటో చాలా బాగుందని మొదటి పేజీలో పెట్టి, కింద పేరు, ఊరు రాస్తాడు. ఆ ఊళ్లో అతని అమ్మానాన్నా ఇంకా ఉన్నారు. అక్కడి అధికారులకి కూడా ఇంటర్నెట్ ఉంది. టిబెట్‌లోని మామూలు జనానికి ఈ సైట్లు కనపడకుండా అడ్డుకట్ట ఉంది కానీ, చూడాలనుకున్న అధికారికి అడ్డేముంది? కొత్తవాళ్ల ముఖాలు మసకబార్చడం, ఊరి పేరు తీసేయడం, ఫొటోలో దాగి ఉండే చోటూ సమయమూ చెరిపేయడం... వెబ్ డిజైన్ క్లాసులో రంగుల కంటే ముందు నేర్పాల్సిన పాఠం ఇది. చాలామంది గెన్‌లాలకి ఇది విద్యార్థి ఎవరో చెయ్యెత్తి చెప్పేదాకా తెలియదు.

అక్కడున్న అమ్మతో మాట్లాడటమే ఒక యజ్ఞం. ఎంత నిఘా ఉన్నా, చాలా కుటుంబాలు చైనా వాళ్ల వీచాట్‌లోనే పలకరించుకునేవి. అవతలివైపు పనిచేసేది అదొక్కటే మరి. గల్వాన్ ఘర్షణ తర్వాత 2020 జూన్ 29న మన ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో వీచాట్ కూడా ఉంది. మనకి ఆ రోజు టిక్‌టాక్ పోయిందన్న బాధే గుర్తు. ధర్మశాలలో కొందరికి ఆ రోజు అమ్మ గొంతు ఆగిపోయింది.

సన్యాసి చేసిన నిఘంటువు

ఫేస్‌బుక్, యూట్యూబ్ ఉండగా ఇంకా సైట్లెందుకు అనే ప్రశ్న ఇప్పుడు క్లాసులోనే వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. నెలలో నేర్పగలిగింది కూడా ఇప్పుడు మారింది. చేత్తో కోడ్ రాయడం తగ్గింది. రెడీమేడ్ సాఫ్ట్‌వేర్‌తో పేజీ పెట్టడం, ఫోన్‌తో వీడియో తీయడం, పాస్‌వర్డ్ కాపాడుకోవడం పెరిగాయి. అయినా మూడో మనిషి గోడ మీద రాసుకున్నదాన్ని ఆ గోడ యజమాని ఎప్పుడైనా చెరిపేయగలడు. సొంత గోడ కట్టుకోవడం తెలిస్తే మంచిదే.

తెలిస్తే ఎంతదూరం వెళ్లొచ్చో చూపించిన మనిషి ఒకరున్నారు. గెషే లోబ్‌సాంగ్ మోన్లమ్. బైలకుప్పెలోని సెరా మఠం సన్యాసి. కంప్యూటర్ తనంతట తానే నేర్చుకుని, టిబెటన్ ఫాంట్లు తయారుచేయడంతో మొదలుపెట్టారు. తర్వాత ధర్మశాలలో పరిశోధన కేంద్రం నడిపారు. ఎంతోమంది కలిసి ఏళ్లతరబడి పనిచేస్తే 2022 మేలో మోన్లమ్ మహా టిబెటన్ నిఘంటువు వచ్చింది. 223 సంపుటాలు! అచ్చులోనే కాదు, సైట్‌లోనూ, యాప్‌లోనూ ఉంది. 2023లో టిబెటన్ భాషకి కృత్రిమ మేధ సాధనాలు కూడా విడుదల చేశారు. ఆయనకి మౌస్ పట్టుకోవడం ఎవరు నేర్పారో, ఏ ఫాంట్ ఎవరిచ్చారో గానీ, ఆ తాళంచెవి మాత్రం ఆయన చేతికే వచ్చింది.

మనవాళ్లకూ టిబెటన్లకూ ఉన్న బంధం స్వెట్టర్లది ఒక్కటే కాదు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనేనని టిబెటన్ సంప్రదాయం. అందుకే 2006 జనవరిలో దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర ఉత్సవం జరిపినప్పుడు గుంటూరు జిల్లా పొలాల మధ్య ఎర్ర దుస్తుల భిక్షువులు బారులు తీరారు. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు కొదవలేని నేల మనది. ధర్మశాల వెళ్లాలంటే మనకి వీసా కూడా అక్కర్లేదు. రైలెక్కి పఠాన్‌కోట్‌లో దిగితే అక్కణ్ణుంచి బస్సులున్నాయి. విదేశీయులకే తిప్పలు. టూరిస్టు వీసా మీద జీతం లేని స్వచ్ఛంద సేవకి గరిష్ఠంగా నెల రోజులే అనుమతి. బైలకుప్పె లాంటి శిబిరాల్లో ఉండాలంటే కేంద్రం ఇచ్చే ప్రత్యేక అనుమతి పత్రం తెచ్చుకోవాలి.

ఆ నెలా ఎలా గడపాలో తెలిసిన గెన్‌లా మూడో వారంలో తన చేతులు కట్టేసుకుంటాడు. మౌస్ ముట్టుకోడు. సైట్ అందంగా రాదు. మంచుకొండల ఫొటో వంకరగా ఉంటుంది, మెనూలో ఒక అక్షరం తప్పు ఉంటుంది. తెన్జిన్‌లలో ఒకరు దాన్ని తప్పుగా పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెడుతుంటారు. పాస్‌వర్డ్ మార్చి, కొత్తది గెన్‌లాకి చెప్పొద్దని గెన్‌లాయే చెబుతాడు. ఏం చేయాలో అంతా టిబెటన్‌లో ఓ నోటు పుస్తకంలో రాయిస్తాడు. అందులో ఏముందో తనకి చదవడం రాదు.

చివరి సాయంత్రం మెడలో తెల్లటి ఖతా కండువాలు వేస్తారు, ఒకదాని మీద ఒకటి. మోమోలు తినిపిస్తారు. ఢిల్లీ బస్సు బయల్దేరుతుంది. సోమవారం పొద్దున పది గంటలకి క్లాసులో మళ్లీ జనం కూర్చుంటారు, ఈసారి ఆరుగురే. బోర్డు ముందు నిలబడింది మొన్నటిదాకా రెండో బెంచీలో ఉన్న నర్సు. లేచి నిలబడి 'గెన్‌లా' అంటే ఆమెకి నవ్వొస్తుంది. నోటు పుస్తకం తెరిచి, కీబోర్డులో చుక్క ఎక్కడుందో చూపించడంతో పాఠం మొదలుపెడుతుంది.